ఆగస్టు నెల బొమ్మ

దేవకృపకు కోపం రావడం ఆలస్యం. వచ్చిందంటే పోవడం ఇంకా ఆలస్యం. మల్కాజ్‌గిరిలో ఆమె ఉండే వీధిలో ఈ సంగతి పాలవాడికి తెలుసు, ఇస్త్రీబండి ఆయనకు తెలుసు. ఆమె దగ్గర తెలుగు చదువుకుని ఇప్పుడు పిల్లల తండ్రులైనవాళ్ళకు మరీ బాగా తెలుసు. కేకలు వేసే మనిషి కాదామె. తరగతిలో ఎవడైనా వెనక నుంచి కూత కూస్తే తిరిగి చూసేది కాదు. బోర్డు మీద రాస్తున్న పద్యం పూర్తిచేసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకుని పాఠం చెప్పేది. వారం పోయాక, వాడు ఆ సంగతి పూర్తిగా మరిచిపోయిన రోజున నిలబెట్టి, అదే కూత అందరి ముందూ మళ్ళీ కూయమనేది.

భర్త దేవసహాయం ఇందుకు పూర్తిగా వేరు. బస్సులో ఎవరైనా తన కాలు తొక్కితే తనే సారీ చెప్పేవాడు. రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పుట్టి పెరిగింది సికింద్రాబాదులోనే అయినా ఇల్లు, ఆఫీసు, చర్చి తప్ప ఊరు చూసిందే లేదని ఆయనకొక దిగులుండేది. రిటైరైన నెలలోనే మంచి కెమెరా ఉన్న ఫోను కొన్నాడు. ఇక ప్రతి శనివారం పొద్దున్నే టిఫిను కాగానే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడేవాడు.

"ఎక్కడికండీ ఇవాళ?"

"తెలీదు. ముందొచ్చిన బస్సు ఎటు పోతే అటు."

అలా తిరిగారు. లోకల్ రైలెక్కి లింగంపల్లి దాకా వెళ్ళి, దిగకుండా అదే రైల్లో కిటికీ పక్కన కూర్చుని వెనక్కొచ్చారు. మోండా మార్కెట్‌లో కొత్తిమీర కట్టలు దిగే వేళకు వెళ్ళి, ఏమీ కొనకుండా తిరిగి, చివరికి అందరూ తిడతారేమోనని ఓ నిమ్మకాయ కొన్నారు. బేగంపేట పాత విమానాశ్రయం గోడ పక్కన పల్లీలు తింటూ, ఎప్పుడో ఒకటి ఎగరకపోతుందా అని ఎదురుచూశారు. తిరుమలగిరిలో దారి తప్పి మిలిటరీ గేటు ముందు తేలారొకసారి. కాపలా జవాను "ఫోటో నహీ" అనగానే దేవసహాయం భయంతో ఫోనును జేబులో కాకుండా చొక్కా లోపలికి జారవిడిచాడు. అది బొడ్డు దగ్గర ఆగింది. దేవకృప తన బడి హిందీలో ఆ జవానుతో చాలాసేపు వాదించింది. వాదన ఎవరు గెలిచారో తెలియదు గానీ, చివర్లో అతను ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి పంపించాడు.

ప్రతి ఫోటోలోనూ ఓ మూలన దేవకృప ఉండాలి. గుట్ట ఫోటో అయితే గుట్ట కింద, పాత బంగళా అయితే దాని మెట్ల మీద.

"నేనెందుకండీ మధ్యలో?"

"మధ్యలో కాదు, పక్కన. నువ్వు లేకపోతే కొలత తెలీదు. గుట్ట ఎంతుందో చూసేవాళ్ళకు ఎలా అర్థమవుతుంది?"

సాయంత్రం టీ తాగి, తీసినవాటిలో ఒకటి ఎంచి, కింద రెండు వాక్యాలు రాసి, చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. 'మౌలాలి గుట్ట. ఎక్కేటప్పుడు మా ఆవిడ మాట్లాడింది, దిగేటప్పుడు మా మోకాళ్ళు మాట్లాడాయి.' అలాంటివి. ఇల్లు కదల్లేని పెద్దవాళ్ళు ఆ ఫోటో కోసం శనివారం సాయంత్రాలు ఫోను పక్కనే పెట్టుకునేవారు. వచ్చేవారం బోలారం చూపించు నాయనా, నా పెళ్ళి అక్కడే అయింది అని ఒకావిడ గొంతు రికార్డు చేసి పంపితే, దేవసహాయం ఆ శనివారం మరో మాట లేకుండా బోలారం బస్సెక్కాడు.

అప్పుడు సంఘానికి రిచర్డ్ కార్యదర్శి అయ్యాడు. నలభై దాటినా యూత్ మీటింగుల్లో గిటారు మోసే మనిషి. బేగంపేటలో ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. వచ్చిన వారానికే గ్రూపులో ఒక నియమం పెట్టాడు: ఇకపై బైబిలు వాక్యాలూ ప్రార్థన మనవులూ తప్ప ఇంకేమీ పెట్టరాదు. దేవసహాయం దాన్ని చదివాడు. చదివి, అది పండగ ఫార్వర్డుల గురించి కాబోలు అనుకుని, ఆ శనివారం కూడా పెట్టాడు: ప్యారడైజ్ సర్కిల్ దగ్గర వానలో గొడుగులు. పది నిమిషాల్లో రిచర్డ్ ఆయన్ను గ్రూపులోంచి తీసేశాడు. ముందొక ఫోను లేదు, తర్వాతొక మాట లేదు.

"పోనీలే" అన్నాడు దేవసహాయం కొన్నాళ్ళకు. "గ్రూపు వాళ్ళది."

షికార్లు మాత్రం మానలేదు. ఫోటోలు తీయడమూ, రెండు వాక్యాలు రాయడమూ మానలేదు. రాసి, ఫోనును బల్ల మీదుగా దేవకృప వైపు జరిపేవాడు. "ఇదిగో, పెట్టేశా. చదువు." ఆమె చదివి, "బాగుంది బ్రదర్, ప్రైజ్ ద లార్డ్" అనేది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూసినప్పుడు మొదలైంది ఆమెకు కోపం. చాలా నిదానంగా, పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పాలలా.

తర్వాత దేవసహాయానికి కిడ్నీలు చెడ్డాయి. ఆసుపత్రి కుర్చీలో చేతికి గొట్టాలతో కూర్చుని, "ఎవరైనా అడిగారా కృపా, ఫోటోలేవని?" అనేవాడు. అందరూ అడుగుతున్నారండీ అని చెప్పేది ఆమె. ఆయనతో చెప్పిన అబద్ధం అదొక్కటే. ఎవరూ అడగలేదు. తీసేసిన సంగతి సగం మందికి తెలియదు. ముసలాయన మానేశాడనుకున్నారు. ఆయన వానాకాలంలో పోయాడు.

అంత్యక్రియలయ్యాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో రిచర్డ్ మైకు పట్టుకుని, అంకుల్ మన సంఘానికి కళ్ళలాంటివారు అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు కూడా. ఆ తర్వాత ఇంటికొచ్చి, జ్ఞాపకార్థం వీడియో చేస్తానాంటీ అని చెప్పి ఫోనులో ఉన్న షికారు ఫోటోల్లో మంచివి చాలా ఎక్కించుకుపోయాడు. వీడియో రాలేదు. డిసెంబరులో సంఘం గోడ క్యాలెండర్ వచ్చింది. నెలకొక పేజీ, పేజీకొక వాగ్దాన వాక్యం, వాక్యం పైన ఫోటో. మౌలాలి గుట్ట, లోకల్ రైలు కిటికీ, వానలో గొడుగులు. గ్రూపులోంచి గెంటించిన ఆ గొడుగులే. ప్రతి బొమ్మలోనూ దేవకృప ఉండే మూల కోసేశాడు. గుట్ట కింద ఆమె చీర కొంగు చివర ఒకటి మాత్రం, కత్తెర తప్పి, మిగిలిపోయింది. అట్ట వెనక కింద చిన్న అక్షరాలు: ఛాయాచిత్రాలు, బ్రదర్ రిచర్డ్.

చర్చి మెట్ల మీద అడిగింది.

"రిచర్డూ, ఫోటోల కింద నీ పేరుందేంటి?"

"అదా ఆంటీ, డిజైన్ అంతా నేనే కూర్చుని చేశా కదా. ప్రింటర్ వాడు పెట్టేశాడు."

"తీసింది ఆయన."

"ఎవరు తీస్తే ఏముందాంటీ? మహిమ దేవుడికే కదా. పేరు కోసం చూసుకోవడం ఆత్మీయం కాదు. అంకుల్ ఉంటే ఆయనే ఈ మాట అనేవారు."

అంకుల్ ఉంటే నిజంగానే ఆ మాట అనేవాడు. అదే ఆమెను కాల్చింది. ఆ మంచితనాన్ని ఆయన చచ్చిపోయాక కూడా వీడు వాడుకుంటున్నాడు. దేవకృప మెట్లు దిగింది. ఇంటికెళ్ళి క్యాలెండర్‌ను గోడకు తగిలించింది. ఏడాది పొడుగునా నెల మారినప్పుడల్లా పేజీ తిప్పి, ఏ మూల ఎంత కోశాడో వేలితో కొలిచి చూసేది. ఒక్కటే కావాలామెకు: ఆ పన్నెండు బొమ్మలూ దేవసహాయం తీశాడని రిచర్డ్ తన నోటితో, సంఘమంతా వింటుండగా చెప్పాలి.

మరుసటి అక్టోబరులో రిచర్డ్ స్వీటు పెట్టెతో వచ్చాడు.

"ఆంటీ, పోయినసారి క్యాలెండర్ సూపర్ హిట్. వేరే సంఘాల వాళ్ళు కూడా అడిగారు. అంకుల్ ఫోన్‌లో ఇంకేమైనా ఉన్నాయా?"

"ఉంటాయి. వెతకాలి. వచ్చే ఆదివారం రా."

అతను వెళ్ళాక ఆమె మధ్యాహ్నాలు ఆ ఫోను ముందేసుకుని కూర్చుంది. ఆయన పోయాక దాన్ని తానుగా తెరిచింది లేదు. ఇప్పుడు తెరిచింది. ఇప్పుడామె భర్త కోసం చూడడం లేదు, అస్త్రం కోసం చూస్తోంది. అది మచ్చబొల్లారం దాటాక, ఓ వాన పొద్దున తీసిన ఫోటోలో దొరికింది.

ఆ రోజు ఈతచెట్ల వరసేదో ఉందని విని వెళ్ళారు. హఠాత్తుగా వాన. పక్కనే ఉన్న రేకుల షెడ్డులోకి పరుగెత్తారు. లోపల పొడవాటి బెంచీలు, తడి మట్టి, పులిసిన వాసన. అది కల్లు కాంపౌండని అర్థం కావడానికి దేవసహాయానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక చెవులదాకా ఎర్రబడ్డాడు. సంఘంలో ఎవరైనా చూస్తే!

"కూసో సారు" అంది కల్లు పోసే ఆవిడ. "తాగితేనే కూసోవాల్నని ఏం లేదు. వాన ఎల్సినంక పోదురు."

బాలమణి ఆమె పేరు. కుండలోంచి గుడ్డతో వడకట్టి స్టీలు జగ్గుల్లోకి పోస్తోంది. రేకుల సందులోంచి పడ్డ వెలుగులో ఆ నురగ తెల్లగా, పెళ్ళి పందిట్లో పూలలా ఉంది. దేవసహాయం తలుపు వైపు చూస్తూ ప్రార్థన చేసుకుంటున్నాడో ఏమో. దేవకృప ఆ నురగను చూసింది. వాళ్ళ నాన్న కృష్ణాజిల్లా పల్లెల్లో వాక్యం చెప్పుకుంటూ తిరిగిన మనిషి. తాడిచెట్టు వైపు చూసినా పిల్లలకు దెబ్బలు పడేవి. అరవై దాటిన ఈ వయసులో, పెద్ద వానలో, ఎవరూ లేని చోట, ఆమె చెయ్యి చాచింది.

"ఒక గ్లాసు ఇవ్వమ్మా."

"కృపా!"

"ఊరు చూద్దామనే కదా బయల్దేరాం? ఇదీ ఊరే."

తాగింది. గ్లాసంతా తాగింది. దేవసహాయం ముట్టుకోలేదు గానీ, నవ్వాపుకోలేక ఫోను తీసి ఫోటో కొట్టాడు: బాలమణి పోస్తున్న జగ్గులు, మీద పడ్డ వెలుగు, ఓ అంచున చేతి గడియారంతో గ్లాసు పట్టుకున్న దేవకృప. తిరుగు బస్సులో ఆమె ఆపకుండా నవ్వింది. కండక్టరు రెండుసార్లు తిరిగి చూశాడు. అప్పటికే ఆయన గ్రూపులో లేడు. ఆ ఒక్క ఫోటో కింద మాత్రం దేవసహాయం ఏమీ రాయలేదు. "ఇది మనిద్దరికే" అని, ఫోనులో విడిగా దాచాడు.

ఆ మాట దగ్గర ఆగింది దేవకృప. ఫోను బోర్లించి, లేచి, అన్నం వండుకుని, తినకుండా మూత పెట్టింది. మళ్ళీ కూర్చుంది. ఆయన ఇద్దరికే అన్నాడు. ఇప్పుడు మిగిలింది ఒక్కతి. ఆ ఒక్కతీ తనకేం కావాలో తెలిసిన మనిషి. ఫోటోను మిగతావాటి మధ్య, కంటికి ఆనేటట్టు చేర్చింది.

ఆదివారం రిచర్డ్ వేలితో జరుపుకుంటూ వచ్చి అక్కడే ఆగాడు.

"వావ్! ఇదెక్కడాంటీ?"

"మచ్చబొల్లారం దాటాక. పొద్దున్నే వెళ్ళాం."

"డెయిరీయా?"

"చూస్తున్నావుగా."

"ఎంత ఫ్రెష్ మిల్క్! ఆగస్టుకి పాలూ తేనెల దేశం వాక్యం పెట్టుకున్నా, కరెక్టుగా సెట్ అవుద్ది. ఈ పక్కన మీరు ఉన్నారే, క్రాప్ చేస్తా. ఏమనుకోకండి, సంఘం క్యాలెండర్‌లో పర్సనల్ ఫోటోలు బాగుండవు."

"నీ ఇష్టం."

"చెయ్యి వరకు కోస్తే జగ్గు కూడా పోద్ది. సరే, చెయ్యి ఉండనీ."

"ఉండనీ" అంది దేవకృప. పాలు అన్నది అతనే, తను కాదు. ఆ మాత్రం చూసుకుంది. అతనికి టీ పెట్టిచ్చింది, చక్కెర ఓ చెంచా ఎక్కువే వేసి.

నవంబరంతా ఆమె చర్చికి తేటగా తయారై వెళ్ళింది. స్త్రీల సమాజం పెద్ద సీతారత్నమ్మకు ఎదుటివాళ్ళ ముఖాలు చదవడం అలవాటు.

"ఏం కృపా, ఈ మధ్య ముఖం కళగా ఉంది?"

"ప్రార్థన చేసుకుంటున్నానండీ."

"దేని గురించమ్మా?"

"క్యాలెండర్ బాగా రావాలని."

డిసెంబరు రెండో ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త క్యాలెండర్‌ను ప్రతిష్ఠించారు. పాస్టరు డేవిడ్ రాజుగారు ఒక్కో పేజీ ఎత్తి చూపిస్తుంటే రిచర్డ్ పక్కన చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి నిలబడ్డాడు.

"మన బ్రదర్ రిచర్డ్ ఉద్యోగ బాధ్యతల మధ్య కూడా తెల్లవారే లేచి, ఊరంతా తిరిగి, ప్రయాసపడి ఈ చిత్రాలు తీశారు. దేవుడు ఆయన చేతులను దీవించును గాక."

"ఆమెన్" అంది సంఘం. రిచర్డ్ కాదనలేదు. తల ఇంకొంచెం వంచాడు. నాలుగో వరసలో దేవకృప కూడా ఆమెన్ అంది, గట్టిగా.

కాపీలు పంచారు. ఆమె కళ్ళు కుడివైపు బెంచీ చివర ఆషర్ మీద ఉన్నాయి. ఆషర్ అల్వాల్ వైపు మనిషి. ఒకప్పుడు తాగి తాగి రోడ్డు మీద పడి, మారుమనసు పొంది, బాప్తిస్మంలో ఆ పేరు పెట్టుకున్నాడు. ప్రతి ఏడూ ఉజ్జీవ కూటాల్లో ఆయన సాక్ష్యం ఒకటే: దేవుడు నన్ను కల్లు కాంపౌండ్ల నుంచి గుంజుకొచ్చిండు. ఆషర్ వేలు తడి చేసుకుని పేజీలు తిప్పాడు. జనవరి, ఫిబ్రవరి. మధ్యలో పక్కాయనతో ఏదో అన్నాడు. దేవకృప పేజీలు లెక్కపెట్టింది. ఆగస్టు.

"అరె! గిది మా బాలమణి కాంపౌండ్ గదా!"

చర్చి అంతా తిరిగింది.

"ఏంటి ఆషర్?" అన్నారు పాస్టరుగారు.

"అయ్యగారు, గివి పాలు గావు. కల్లు. అసల్ ఈతకల్లు. గీ బెంచి మీద నేను ఎన్ని దినాలు పండిన్నో దేవునికే ఎరుక. గామె బాలమణి, గా మూలకు ఆమె ఎల్లమ్మ పటం. కోసేసినట్టున్నరు గని, గీడ అంచు కానొస్తుంది జూడుండ్రి."

పిల్లల వరసలోంచి నవ్వు లేచింది. సీతారత్నమ్మ క్యాలెండర్‌ను ఒళ్ళో బోర్లించేసింది, అది చూడడమే పాపమన్నట్టు.

"రిచర్డన్నా" అన్నాడు ఆషర్, కోపంతో కాదు, నిజమైన ఆశ్చర్యంతో, "నువ్ గాడికి ఎప్పుడు వొయినవ్? నన్నడిగితే నేనే తోవ చూపిద్దును గదా. బయట్నే నిలవడుదు గని."

"అది... డెయిరీ అనుకున్నా బ్రదర్."

"అనుకునుడేంది? లోపటికి పోయి ఫోటో దింపినోనికి వాసన తెల్వదా? గా వాసన ముక్కుకు తగిల్తే చచ్చినోడు సుత లేసి కూసుంటడు."

రిచర్డ్ ముఖంలో రంగు మారడం దేవకృప చూసింది. తరగతిలో ఎన్నిసార్లు చూసిందా రంగు! ఒకవైపు కల్లు కాంపౌండు, ఒకవైపు దొంగతనం. మధ్యలో నిలబడ్డానికి చోటు లేదు. ఆమెకు తొందరేం లేదు. కొంగు సర్దుకుని కూర్చుంది.

"ఆ ఫోటో నేను తీయలేదు" అన్నాడు రిచర్డ్, మైకు లేకుండా.

"మరెవరు తీశారు?" పాస్టరుగారు.

"దేవసహాయం అంకుల్."

"మిగతావి?" అని అడిగింది దేవకృప, కూర్చున్న చోటు నుంచే.

అతను ఆమె వైపు చూశాడు. ఆ చూపులోనే అతనికి అంతా అర్థమైంది.

"అన్నీ అంకులే తీశారు."

"పోయిన ఏడాదివి?"

"అవి కూడా."

"కొంచెం గట్టిగా చెప్పు నాయనా. వెనక పెద్దవాళ్ళున్నారు."

"పోయిన ఏడాదివి కూడా దేవసహాయం అంకులే తీశారు."

ఏడాదిగా ఆమె ఊహించుకున్న దానికంటే తియ్యగా ఉంది. ఆ తీపి గొంతు దిగకముందే సీతారత్నమ్మ పక్కావిడ చెవిలో, నాలుగు వరసలకు వినబడేటట్టు గుసగుసలాడింది.

"అయ్యో, దేవసహాయం అలాంటి చోటికి వెళ్ళేవాడా! అందుకేనేమో పాపం, కిడ్నీలు..."

దేవకృప ఇది లెక్క వేసుకోలేదు. ఇన్ని నెలలు రిచర్డ్ ముఖం ఒక్కటే ఊహించుకుంది గానీ, ఈ వాక్యం ఒక్కసారి కూడా ఆమెకు తట్టలేదు. దేవసహాయం జీవితంలో దగ్గు మందు తాగడానికి కూడా సీసా మీద రాసింది చదివిన మనిషి. ఆయన పేరు తెచ్చి ఆ బెంచీ మీద పడుకోబెట్టింది తనే.

లేచి నిలబడింది.

"ఆయన తాగలేదండీ. వానకు లోపలికి వెళ్ళాం. తాగింది నేను." క్యాలెండర్ ఎత్తి చూపించింది. "ఈ చెయ్యి నాదే. ఈ గడియారం నా చేతికే ఉంది, కావాలంటే దగ్గరికొచ్చి చూడండి. ఒక గ్లాసు తాగాను. చాలా బాగుంది. ఇంకో గ్లాసు తాగుదామనుకున్నా, ఆయనే బతిమాలి బయటికి తీసుకొచ్చాడు."

సీతారత్నమ్మ ముఖం తిప్పుకుంది. ఆషర్ మాత్రం, "పొద్దుగాలదైతే మంచిగనే ఉంటదమ్మా" అన్నాడు మెల్లగా. అని, నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

సాయంత్రం పాస్టరుగారు తన గదికి పిలిచారు. రిచర్డ్ అప్పటికే కుర్చీ అంచున ఉన్నాడు.

"అమ్మా, మీ వయసుకు, మీ సాక్ష్యానికి... కానీ సంఘ క్రమం ఒకటుంది. మద్యం విషయం బహిరంగంగా ఒప్పుకున్నాక కొంతకాలం ప్రభువు బల్లకు..."

"దూరంగా ఉండాలి. రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదు. తెలుసయ్యగారూ. ఉంటాను." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "మరి దొంగతనానికి క్రమమేమిటి?"

డేవిడ్ రాజుగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి ఏమీ మిగలనంతసేపు తుడిచారు. చివరికి, ఇద్దరికీ ఒకే క్రమం అన్నారు. ఇద్దరూ ఒకరితో ఒకరు సమాధానపడి, చేతులు కలిపి తన దగ్గరికి వచ్చిన రోజున ఇద్దరినీ మళ్ళీ బల్లకు పిలుస్తానన్నారు. ఒక్కరిని విడిగా పిలవడం కుదరదు.

"మంచిది" అంది దేవకృప. "ముందు ఆయన పేరు వేయించండి."

ఛాయాచిత్రాలు, దేవసహాయం అని చిన్న చీటీలు అచ్చువేయించారు. సంఘానికి పంచినవన్నీ వెనక్కి తెప్పించి, చర్చి హాల్లో రిచర్డ్ తన పేరు మీద వాటిని ఒక్కోటీ అంటించాడు. ఇద్దరు కుర్రాళ్ళు సాయం చేస్తామంటే దేవకృప వద్దంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూసింది.

"అది వంకరగా ఉంది రిచర్డూ. తీసి మళ్ళీ అంటించు."

"ఆంటీ, తీస్తే చిరిగిపోద్ది."

"నిదానంగా తియ్యి."

ఇంటికి తన కాపీ తెచ్చుకుని ఆగస్టు పేజీ తిప్పి చూసుకుంది. ఇద్దరికే అన్న బొమ్మ ఇప్పుడు సంఘంలో ప్రతి వంటింటి గోడకూ వెళ్తుంది. వచ్చే ఆగస్టులో ఎవరెవరో కూర తిరగమోస్తూ దాన్ని చూస్తారు. ఆ వాన, ఆ బస్సు ప్రయాణం గుర్తు చేసుకుందామని కళ్ళు మూసుకుంటే, రిచర్డ్ తెల్లబోయిన ముఖమే ముందొచ్చింది. అది పోయేదాకా చాలాసేపు అలాగే కూర్చుంది. అయినా ఇచ్చినందుకు విచారించలేదు. మళ్ళీ అడిగినా ఇచ్చేదే.

జనవరి మొదటి ఆదివారం. నెలకోసారి వచ్చే ప్రభువు బల్ల. క్రమం కింద ఉన్నవాళ్ళు కూర్చునేది చిట్టచివరి బెంచీ. దాని మీద ఇద్దరే. ముందు వరసలు ఒక్కొక్కటిగా లేచి బలిపీఠం వైపు వెళ్తున్నాయి. రిచర్డ్ భార్య పిల్లలిద్దరినీ పట్టుకుని వెళ్తూ వెనక్కి చూడలేదు. అతను మెల్లగా ఇటు జరిగాడు.

"ఆంటీ, అయ్యగారు చెప్పారు కదా. మనం చేతులు కలిపి ఒక్క మాట అనుకుంటే ఇప్పుడే వెళ్ళొచ్చు."

"ఏ మాట?"

"నన్ను క్షమించానని."

దేవకృప ఎదురుగా చూస్తూనే మాట్లాడింది.

"నువ్వు గ్రూపులోంచి తీసేసిన రోజు ఆయన ఫోను పాడైందనుకున్నాడు. వానలో తడిసిందేమోనని రిపేరు షాపుకు తీసుకెళ్ళాడు. ఆ కుర్రాడు చూసి, తాతా, ఫోన్‌కి ఏం కాలే, నిన్ను ఎవరో తీసేసిన్రు అని చెప్పాడు. షాపులో పదిమంది ముందు. అప్పుడు తెలిసింది ఆయనకు."

రిచర్డ్ తన చేతులకేసి చూసుకున్నాడు.

"సారీ ఆంటీ. నిజంగా."

"వినబడింది."

వాళ్ళ ముందున్న వరస కూడా లేచి వెళ్ళింది. బలిపీఠం దాకా దారి ఖాళీగా ఉంది, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పుగా. ముందు నుంచి పాస్టరుగారు ఒకసారి ఇటు చూసి, రొట్టె ఉన్న పళ్ళెం పట్టుకుని ఆగారు.

"మరి వెళ్దామా?" అన్నాడు రిచర్డ్, సగం లేచి.

"నాకు తొందర లేదు" అంది దేవకృప. "ఫిబ్రవరిలో కూడా మొదటి ఆదివారం వస్తుంది. కూర్చో."

అతను కూర్చున్నాడు.